ఉన్ని జిడ్డులోంచి డి విటమిన్

"డి విటమిన్ తక్కువుందని డాక్టరుగారు వారానికొక్క మాత్ర రాశారు. రోజూ వేసుకోనక్కర్లేని మందు, అదీ ఇంత చవకది, నిజంగా పనిచేస్తుందా?" ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు రాశారు. పనిచేస్తుంది. ఎందుకు చవకో చెప్పకుండా మాత్రం ఉండలేను.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే ఈ విటమిన్ ఉండాలి. లేకపోతే పిల్లలకు కాళ్ళు వంకరపోతాయి, పెద్దలకు ఎముకలు మెత్తబడి నొప్పులు పుడతాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అని, కొలెస్ట్రాల్‌కు దగ్గరి చుట్టం ఒకటుంది. నాలుగు వలయాల అణువు. ఎండలోని 290–315 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం తగిలితే రెండో వలయంలో ఒక్క బంధం తెగి, వలయం విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఏ ఎంజైమూ అక్కర్లేదు. ఒంటి వేడికే అణువు మెలి తిరిగి డి3 అయిపోతుంది. మరి గంటలకొద్దీ ఎండలో ఉంటే? విచ్చుకున్న అణువుల్ని ఆ కిరణాలే లూమిస్టెరాల్‌గా, టాకిస్టెరాల్‌గా మార్చేస్తాయి. అందుకే ఎండతో చర్మం కమిలినా డి విటమిన్ మోతాదు మించదు. ఈ లూమిస్టెరాల్ మహామహుల్నే బోల్తా కొట్టించింది. 1928లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న అడాల్ఫ్ విండౌస్ బృందం డి1 అని పేరుపెట్టిన పదార్థం, తీరా చూస్తే, డి2తో లూమిస్టెరాల్ కలిసిన మిశ్రమం! నేటికీ డి2, డి3 ఉన్నాయి గానీ డి1 లేదు.

పొద్దుటి లేత ఎండే మంచిదన్న నమ్మకమూ ఇక్కడ నిలవదు. ఏటవాలు ఎండలోని ఆ కిరణాల్ని ఓజోన్ పొరే చాలావరకు మింగేస్తుంది. తిరుపతిలో ఈ చర్మపదార్థాన్నే గాజు గొట్టాల్లో పోసి ఎండలో పెట్టి చూశారు. ఏడాది పొడవునా మార్పు ఎక్కువగా జరిగింది ఉదయం 11, మధ్యాహ్నం 2 గంటల మధ్యనే.

మాత్ర తయారయ్యే ఫ్యాక్టరీలో జరిగేదీ ఈ మార్పే. గొర్రె ఉన్ని కడిగినప్పుడు వచ్చే జిడ్డులోంచి కొలెస్ట్రాల్ తీసి, దాన్ని 7-డీహైడ్రోకొలెస్ట్రాల్‌గా మార్చి, అతినీలలోహిత దీపాల కింద పెడతారు. తెగేది ఆ బంధమే. (ఉన్ని కత్తిరిస్తే గొర్రెకేమీ కాదు. కానీ శాకాహారులు క్యాప్సూల్ పైతొడుగు జెలటినా కాదా చూసుకోవాలి.) ముడిసరుకు చవక, పైగా కావలసింది పిసరంత. వారం మాత్రలోని 60,000 యూనిట్లంటే బరువులో ఒకటిన్నర మిల్లీగ్రాములే. కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఒంట్లో నిలవ ఉంటుంది. కాలేయం దాన్ని మార్చి రక్తంలోకి వదిలాక, సగానికి తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే వారానికొకటి చాలు. భోజనం చేశాక వేసుకుంటే బాగా పడుతుంది.

కొనేటప్పుడు కంపెనీ పేరు కాదు, కొలికాల్సిఫెరాల్ (అంటే డి3) అన్న పేరు అడగండి. జన్ ఔషధి దుకాణాల్లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. నా గొణుగుడల్లా డి విటమిన్ రక్తపరీక్ష మీదే. చాలాచోట్ల దాని ఖరీదు మొత్తం మందు ఖరీదును మించుతోంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా ఈ పరీక్ష అక్కర్లేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2024లోనే చెప్పింది. చవకే కదా అని వారానిది రోజూ మింగేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువైనదాన్ని లూమిస్టెరాల్‌గా మార్చే ఏర్పాటు మాత్రకు లేదు. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.