డ్యూటీ చార్టులో ఒక ఋణ సంఖ్య

మేముండు జంషెడ్‌పూరులోని ఉక్కు కర్మాగారమున తొలి ఉక్కు దిమ్మె 1912 ఫిబ్రవరి 16న వెలువడినది. అక్కడ ఎనిమిది గంటల పనిదినము అమలయినదియు ఆ యేటనే. బ్లాస్టు ఫర్నేసు రాత్రింబవళ్ళు మండవలసినదే గనుక మూడు షిఫ్టులు తప్పవు. ఒకే జట్టు ఎల్లకాలము రాత్రి మేలుకొనుట న్యాయము కాదు గనుక జట్లను మార్చకయు తప్పదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన వారి ఇంట పగలు ప్రెషర్ కుక్కరు కూతకైనను భయపడుట మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు.

ఈ మార్పును కంప్యూటరుకు అప్పగించునపుడు ఏది ఎటు తిరుగుచున్నదో చూచుకొనవలెను. ఉదయము 6 గంటల షిఫ్టు 0, మధ్యాహ్నము 2 గంటలది 1, రాత్రి 10 గంటలది 2, విశ్రాంతి 3 అనుకొందము. ఆ స్థానములలో క, ఖ, గ, ఘ జట్లున్నవి. రెండు రోజులకొక విడత. పట్టికను ఎడమకు త్రిప్పిన ఖ, గ, ఘ, క అగును. చూపునకు ముచ్చటగనే యున్నది. కాని ఖ జట్టు రాత్రి 10కి దిగి తెల్లవారి 6కే మరల గేటు వద్ద నుండవలెను! నడుమ 8 గంటలే. రాకపోకలు, భోజనము పోగా నిద్రకు మిగులునదెంత? గ జట్టు గతియు అంతే.

కుడికి త్రిప్పిన ఘ, క, ఖ, గ వచ్చును. ఉదయపు జట్టు మధ్యాహ్నమునకు, మధ్యాహ్నపు జట్టు రాత్రికి జరుగును. ఇరువురికిని నడుమ 24 గంటలు. రాత్రి జట్టుకు విశ్రాంతి.

చిక్కు ఇక్కడనే. కుడికి త్రిప్పునపుడు ప్రతి స్థానమునకును పాత పట్టికలో దానికి ఒకటి తక్కువ స్థానపు జట్టును తేవలెను. 0 స్థానమునకు −1 కావలసి వచ్చును. −1ని 4చే భాగింపగా శేషమెంత? కెనెత్ ఐవర్సన్ 1962 నాటి గ్రంథము నుండి పుట్టిన ఏ.పి.ఎల్. భాష 3 అనును, ఘ జట్టు దొరకును. ఆ భాషలో పట్టికను త్రిప్పుటకు ఒక్క గుర్తు చాలును. ఫోర్ట్రాన్‌లోని మాడ్, నేటి సి భాషలోని శేషము మాత్రము −1 అనును. అట్టి గడి పట్టికలోనే లేదు. సి భాష దోషమని చెప్పకయే ప్రక్కనున్న ఏదో సంఖ్యను తెచ్చి ఇచ్చినను ఇయ్యవచ్చును.

మన అరువది సంవత్సరముల చక్రమును ఇట్టిదే. 1987 నాటి ప్రభవను 0 అనుకొనిన, 1911కి −76. శేషము 44, అనగా 45వదియగు విరోధికృతు. పైన చెప్పిన తొలి దిమ్మె ఉగాదికి ముందే వచ్చినది గనుక దానిదియు ఆ సంవత్సరమే. శేషము −16 అను భాషకు ఇది దొరకదు.

ముందుగా 4 కలిపిన చాలునని కొందరందురు. ఒక విడతకు చాలును. 101 విడతలు ఒకేసారి త్రిప్పిన −101కి 4 కలిపినను −97, శేషము మరల −1. ముందు భాగించి, శేషమునకు 4 కలిపి, తిరిగి భాగింపవలెను. ఫోర్ట్రాన్ 90 వాడువారికి మాడ్యులో అను ప్రమేయము ఈ పని చేసిపెట్టును. చార్టును నోటీసు బోర్డునకు అంటించుటకు ముందు, మధ్యాహ్నము నుండి ఉదయమునకు గాని, రాత్రి నుండి మధ్యాహ్నమునకు గాని జరిగిన జట్టు ఉన్నదేమో వ్రేలుంచి చూచుట మేలు.