గాలిమరల కంపెనీలో పుట్టిన గాలి తుపాకి

తిరునాళ్లలో రంగులరాట్నం పక్కన ఒక బల్ల, దాని వెనుక చెక్కమీద వరుసగా కట్టిన బుడగలు మీరు చూసే ఉంటారు. డబ్బిచ్చిన వారికి దుకాణదారు తుపాకిని నడుము దగ్గర వంచి, చిన్న సీసపు గుండు పెట్టి, మళ్లీ సరిచేసి చేతికిస్తాడు. 'టప్' మంటుంది. బుడగ పేలితే సంతోషం. పేలకపోతే తుపాకి వంకరగా ఉందని ఫిర్యాదు! (ఒక్కోసారి ఆ ఫిర్యాదు నిజమే కావచ్చు.) ఇక్కడ మందుగుండు లేదు, నిప్పు లేదు, పొగ లేదు. మరి గుండును తోసిందెవరు? గాలి!

అసలు పల్లెటూరి పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. సన్నని వెదురు గొట్టం తీసుకుని, ఒక చివర తడికాగితం ఉండ బిగించి, రెండో చివర నుంచి ఇంకో ఉండను పుల్లతో నెట్టితే ఏమవుతుంది? రెండు ఉండల మధ్య చిక్కిన గాలి నలిగిపోతుంది. దాని పీడనం పెరిగి పెరిగి, ముందున్న ఉండ 'ఠప్' మని ఎగిరిపోతుంది. బస్తర్ ప్రాంతంలోని జగదల్‌పూర్‌లో రథయాత్ర సమయంలో జరిగే గోంచా పండుగకు ఇలాంటి వెదురు గొట్టాలలో అడవికాయలు పెట్టి పేలుస్తారు. వాటిని అక్కడ 'తుప్కి' అంటారు. మన 'తుపాకి'కి చుట్టమే అన్నమాట.

దుకాణంలోని ఎయిర్ గన్ కూడా ఈ పనే చేస్తుంది. కాకపోతే పుల్లకు బదులు స్ప్రింగు ఉంటుంది. గొట్టాన్ని వంచినప్పుడు లోపల పిస్టన్, అంటే మీ పాఠ్యపుస్తకంలోని ముషలకం, వెనక్కు జరిగి బలమైన స్ప్రింగును నొక్కుతుంది. అక్కడ ఒక కొక్కెం దాన్ని పట్టి ఉంచుతుంది. మీ చేతి కండరాలు చేసిన పని అంతా స్థితిజ శక్తిగా స్ప్రింగులో దాగి ఉంటుంది. మీట నొక్కగానే కొక్కెం వదులుతుంది. పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న గాలిని రెప్పపాటులో నొక్కేస్తుంది. ఆ గాలి సన్నని రంధ్రం గుండా వెళ్లి గుండు వీపుమీద తంతుంది.

సైకిలు పంపు గబగబా కొట్టాక దాని అడుగు భాగాన్ని ఎప్పుడైనా తాకి చూశారా? వెచ్చగా ఉంటుంది. వాయువును వేగంగా నొక్కితే వేడెక్కుతుంది. తుపాకిలో గాలి కూడా అలాగే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి ఇంకా గట్టిగా తోస్తుంది. ఇంకో తమాషా ఉంది. మందు తుపాకి పేలితే వెనక్కు తన్నుతుంది. స్ప్రింగు తుపాకి రెండుసార్లు కదులుతుంది. పిస్టన్ ముందుకు పోయేటప్పుడు తుపాకి వెనక్కు, పిస్టన్ గాలి మెత్తమీద ఆగినప్పుడు తుపాకి ముందుకు! అందుకే మందు తుపాకి పేల్చడం అలవాటైనవారు కూడా దీని దగ్గర గురి తప్పుతుంటారు.

ఇక గుండు సంగతి. అది డమరుకం ఆకారంలో ఉంటుంది. నడుము సన్నం, వెనుక భాగం బోలు. గాలి తన్నగానే ఆ పలచని అంచు విచ్చుకుని గొట్టం గోడలకు అతుక్కుంటుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. వాటి వెంట జారిన గుండు బొంగరంలా గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. తిరిగే బొంగరం పడిపోదు కదా, అలాగే తిరిగే గుండు దారి తప్పదు.

సైనికుల చేతిలో

ఈ తుపాకి మొదట పిల్లల ఆట కాదు. ఆల్ప్స్ పర్వతాల టిరోల్ ప్రాంతానికి చెందిన గిరార్డోని అనే పనివాడు చేసిన గాలి రైఫిలును 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. దాని మడమ భాగమే గాలి నింపే ఇనుప తొట్టి. అది నిండాలంటే చేతిపంపును దాదాపు 1,500 సార్లు కొట్టాలి! కొట్టిన తరువాత మాత్రం సుమారు 20 గుండ్లను ఒకదాని వెంట ఒకటిగా పేల్చవచ్చు. ఆ రోజుల్లో మందు తుపాకిని ఒకసారి పేల్చి మళ్లీ నింపుకునేలోపు ఇది చాలాసార్లు పేలేది. పొగ లేకపోవడంతో పేల్చినవాడు ఎక్కడున్నాడో శత్రువుకు తెలిసేది కాదు. కాని సున్నితమైన యంత్రం. బురదలో, వానలో నిలవలేదు. సైన్యం కొన్నేళ్లకు దాన్ని పక్కన పెట్టింది.

1803లో అమెరికాలో మెరివెదర్ లూయిస్ పడమటి దేశాన్ని చూడడానికి బయలుదేరినప్పుడు ఒక గాలి రైఫిలును వెంట తీసుకువెళ్లాడు. ప్రయాణం మొదలైన ఆగస్టు 30వ తేదీనే పిట్స్‌బర్గ్ దగ్గరి ఒక దీవిలో దాన్ని జనానికి చూపించాడు. తరువాత దాని సంగతి తెలియని ఒక పెద్దమనిషి చేతికిచ్చాడు. అది ఉన్నట్టుండి పేలింది. 40 గజాల దూరంలో ఉన్న ఒక స్త్రీ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత చీరింది. ఆమె నేలకూలింది. చనిపోయిందనే అందరూ అనుకున్నారు. అదృష్టవశాత్తు గాయం లోతైనది కాదు, బతికింది. ఇదంతా లూయిస్ తన దినచర్యలో రాసుకున్నాడు. 'గాలే కదా' అనుకునేవారు ఈ కథ గుర్తుంచుకోవాలి.

రైతుకు బహుమతి

పిల్లల చేతికి గాలి తుపాకి చేరిన కథ విచిత్రమైనది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ప్లిమత్ అనే చిన్న ఊరు. అక్కడ 1882లో ఇనుప గాలిమరలు చేసే కంపెనీ ఒకటి మొదలైంది. రైతుల బావుల్లో నీళ్లు తోడే గాలిమరలవి. వ్యాపారం అంతంతమాత్రం. క్లారెన్స్ హామిల్టన్ అనే ఆయన లోహంతో ఒక గాలి తుపాకి చేసి కంపెనీ పెద్దలకు చూపించాడు. అప్పటికే ఆ ఊళ్లో ఇంకొకాయన చెక్కతో గాలి తుపాకులు చేసి అమ్ముతున్నాడు. కంపెనీ నడిపే లూయిస్ హఫ్ కొత్త తుపాకిని పేల్చి చూసి, 'ఇది డైసీ!' అన్నాడట. డైసీ అంటే ఒక పువ్వు. ఆనాటి వాడుకలో 'బ్రహ్మాండం' అని కూడా అర్థం. పేరు అదే నిలిచిపోయింది.

గాలిమర కొన్న రైతుకు ఈ తుపాకిని బహుమతిగా ఇచ్చారు. తీరా చూస్తే రైతులకు గాలిమర కంటే బహుమతి మీదే మోజు. పిల్లలున్న ఇంట్లో అది సహజమే! కొద్ది కాలానికే గాలిమరల తయారీ ఆపేశారు. 1895లో కంపెనీ పేరే డైసీగా మారిపోయింది. గాలిని పట్టి నీళ్లు తోడదామనుకున్నవారు చివరికి గాలిని నొక్కి గుండ్లు అమ్మారు.

ఆ గుండ్లు గుండ్రని చిన్న పూసల్లాంటివి. వేటగాళ్ల రవ్వల్లో ఒక కొలతకు 'బి.బి.' అని పేరు. ఆ పేరే వీటికీ వచ్చింది. మొదట సీసంతో చేసేవారు. 1920ల్లో మినియాపొలిస్ నగరంలో ఒక బాల్ బేరింగుల కంపెనీ పారేసిన ఉక్కు గోళీలను పిల్లలు ఏరుకుని తుపాకుల్లో పెట్టి పేల్చసాగారు. మెత్తని సీసానికి తగినట్టు చేసిన గొట్టాలు గట్టి ఉక్కుకు పాడయ్యాయి. చివరికి కంపెనీయే తన పద్ధతి మార్చుకుని ఉక్కు గుండ్లకు తగిన తుపాకులు చేసింది. పిల్లలు నేర్పిన పాఠం!

ఇంగ్లండులో దారి వేరు. బర్మింగ్‌హామ్ ప్రాంతపు పబ్బులలో పెద్దలు సాయంత్రాలు జట్లుగా చేరి పోటీపడేవారు. ఇనుప పలక మధ్య చిన్న బెజ్జం, దాని వెనుక గంట. గుండు బెజ్జంలోంచి పోతే గంట మోగుతుంది. మార్కులు లెక్కపెట్టే పని లేదు, చెవి ఉంటే చాలు.

పసుపు మెడ పిచ్చుక

ఒక గాలి తుపాకి మన దేశానికి గొప్ప శాస్త్రజ్ఞుణ్ణి ఇచ్చింది. బొంబాయిలో తల్లిదండ్రులు లేని ఒక కుర్రవాడు మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరుగుతున్నాడు. మామ ఇచ్చిన గాలి తుపాకితో పిచ్చుకలను కొట్టడం వాడి సరదా. పదేళ్ల వయసులో ఒకనాడు కొట్టిన పిచ్చుక మెడమీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిచ్చుక? మామకు తెలియలేదు. చీటీ రాసిచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలోని మిల్లర్డ్ దొర దగ్గరకు పంపాడు. కుర్రవాడు భయపడుతూనే వెళ్లాడు. దొర పక్షి పేరు చెప్పడమే కాక, అరలు తెరిచి గడ్డి కూరి భద్రపరచిన పక్షులను వరుసగా చూపించాడు. చదవడానికి పుస్తకాలిచ్చాడు. ఆ కుర్రవాడే సలీం అలీ.

1931–32లో ఆయన హైదరాబాదు సంస్థానమంతా తిరిగి అక్కడి పక్షుల లెక్క తీశాడు. 1985లో రాసిన ఆత్మకథకు ఆ పిచ్చుక నేలరాలడాన్నే పేరుగా పెట్టుకున్నాడు.

ఆయన చిన్ననాటి నోటు పుస్తకంలోని ఇంకో సంగతి చెప్పాలి. గుర్రపుసాలలో గుడ్లమీద ఆడ పిచ్చుక, బయట కాపలా మగ పిచ్చుక. మగదాన్ని కొడితే కాసేపటికి ఇంకో మగది వచ్చి ఆ చోట కూర్చుంది. వారం రోజుల్లో అలా ఎనిమిదిటిని కొట్టాడు. చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. కాని చూసింది చూసినట్టు రాసిపెట్టిన ఆ అలవాటే ఆయనను శాస్త్రజ్ఞుణ్ణి చేసింది, తుపాకి కాదు. ఇప్పుడు పక్షి పేరు తెలుసుకోవడానికి బైనాక్యులర్సు చాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను కొట్టడం నేరం కూడా.

ఏడు జౌళ్ల దెబ్బ

పోటీలలో వాడే రైఫిలు గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము, వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. గతిజ శక్తి లెక్క వేయండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే 7 జౌళ్లకు పైనే వస్తుంది. కిలో బరువును ముప్పావు మీటరు ఎత్తు నుంచి పడేస్తే వచ్చే శక్తి కూడా దాదాపు ఇంతే. తేడా ఎక్కడంటే, ఈ దెబ్బంతా కందిగింజంత చోటులో పడుతుంది. కంటికి తగిలితే ఆ కన్ను మళ్లీ రాదు. పైగా ఉక్కు గుండు రాతికో ఇనుముకో తగిలితే వెనక్కు ఎగిరి వస్తుంది. కాబట్టి పేల్చేవారేకాక పక్కన నిలబడ్డవారు కూడా కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఖాళీ అనుకున్న తుపాకిని కూడా ఎవరివైపూ తిప్పరాదు. లూయిస్ కథలోని స్త్రీ 40 గజాల దూరంలో ఉంది కదా!

1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చేరింది. నేటి పోటీ తుపాకుల్లో స్ప్రింగు లేదు. సిలిండరులో 200 బార్ల పీడనంతో ముందే నింపిన గాలి ఉంటుంది. అంటే మన వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు. 10 మీటర్లు దాటడానికి గుండుకు పట్టేది సెకనులో వందో వంతులు ఆరు. ఆ కొద్ది సేపటిలో కూడా భూమి దాన్ని సుమారు 2 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. గురి చూసే అమరికను దానికి తగ్గట్టు సరిచేసుకోవాలి. ఎందుకంటే రైఫిలు లక్ష్యంలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే!

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఈ పోటీలోనే మన దేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ బంగారు పతకం తెచ్చాడు. 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడు. 1997లో తండ్రి ఇచ్చిన గాలి పిస్తోలుతో బేగంపేటలోని ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, 10 మీటర్ల గాలి పిస్తోలులో జాతీయ ఛాంపియన్ అయింది. పిస్తోలు లక్ష్యంలో పది మార్కుల వలయం కాస్త పెద్దది, 11.5 మిల్లీమీటర్లు. అయితే రెండు చేతులకు బదులు ఒక్క చేయి చాచి పేల్చాలి.