యూరప్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లాలంటే: షెంగెన్ వీసాకు మన కాగితాలు ఎలా సర్దుకోవాలి

హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం వంటి ఊళ్ల నుంచి చదువుకనో ఉద్యోగానికనో యూరప్ వెళ్లిన మన పిల్లలు చాలామంది అక్కడే కాపురాలు పెట్టారు. కూతురి పురిటికో, మనవరాలి అన్నప్రాశనకో వెళ్లాలని ఇక్కడి తల్లిదండ్రులకు ఉంటుంది. దానికి కావలసింది షెంగెన్ షార్ట్ స్టే వీసా. దరఖాస్తు తిరస్కరించినప్పుడు తరచుగా కనిపించే కారణం ఒకటుంది: గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు అని. ఉన్న ఊళ్లో ఇల్లూ పొలమూ పెట్టుకున్న పెద్దవాళ్లకు ఆ మాట మనసుకు తగులుతుంది. కానీ అది వారి నిజాయితీ మీద తీర్పు కాదు. వారి ఫైలు మీద తీర్పు.

దరఖాస్తు తీసుకునే కేంద్రం సిబ్బంది కాగితాలు, వేలిముద్రలు తీసుకుని పంపుతారంతే. నిర్ణయం కాన్సులేట్‌లోని అధికారిది. ఆయన సాధారణంగా మనల్ని చూడరు, ఫైలునే చూస్తారు. ఎందుకు వెళ్తున్నారు, ఖర్చు ఎవరిది, ఎందుకు తిరిగి వస్తారు అనే మూడు ప్రశ్నలకు ఆ ఫైలు ఒకే కథ చెప్పాలి. ఇతర రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ కథ ఎక్కడ తెగిపోతుందో, ఎలా అతకాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా లెక్కలు

షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఇంగ్లండ్, ఐర్లండ్ ఇందులో లేవు. ఏ 180 రోజుల్లోనైనా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, బయలుదేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మే 1న దిగితే జులై 29తో 90 రోజులు నిండుతాయి. వీసా ఉన్నా సరే, మళ్లీ అడుగుపెట్టేది అక్టోబర్ 28 నుంచే. ఇంకో జాగ్రత్త ఉంది. వీసా మీద తేదీలు వేరు, ఉండడానికి అనుమతించిన రోజుల సంఖ్య వేరు. చివరి తేదీ దూరంగా కనిపించినా, రోజుల సంఖ్య దాటకూడదు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 రోజుల వరకు పోవచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. కాబట్టి మే నెల ప్రయాణానికి సంక్రాంతికల్లా పని మొదలుపెట్టడం మంచిది.

2024 జూన్ 11 నుంచి ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్లలోపు వారికి లేదు. దీన్ని రూపాయల్లో తీసుకుంటారు, కేంద్రం సర్వీస్ చార్జీ అదనం. వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు.

పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి?

ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే. రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. పారిస్‌లో కొడుకు ఇంట్లో రెండు నెలలుండి, నాలుగు రోజులు స్విట్జర్లాండ్ చూసి వచ్చేవారు ఫ్రాన్స్‌కే దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతుందని వేరే దేశం వీసా తీసుకుని ఫ్రాన్స్‌లో కూర్చుంటే, ఫైలులో చెప్పిన కథ అబద్ధమవుతుంది.

అక్కడి పిల్లలు చేయాల్సిన పని

ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లు తమ ఊరి మేరీకి, అంటే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ‘అతెస్తాసియో దకోయ్’ అనే ఆతిథ్య పత్రం తీసుకోవాలి. గుర్తింపు కార్డు, ఇంటి కాగితాలు, ఆదాయపు రుజువులు చూపి, 30 యూరోల స్టాంపు కట్టాలి. ఇంట్లో వచ్చేవారికి చోటుందా లేదా అన్నదీ చూస్తారు. ఈ పత్రం ఒరిజినల్ మనకు చేరాలి కాబట్టి మొదట మొదలుపెట్టాల్సిన పని ఇదే. ఈ పత్రం ఉంటే ఫ్రాన్స్ అడిగే ఖర్చు లెక్క రోజుకు 32.50 యూరోలకు తగ్గుతుంది. హోటల్ బుకింగ్‌తో వెళ్లేవారికి అది 65, ఏ బుకింగూ లేనివారికి 120.

జర్మనీలో అయితే ఖర్చంతా తనదేనని పూచీ పడుతూ పిల్లలు అక్కడి విదేశీయుల కార్యాలయంలో బాధ్యతా పత్రం తీసుకుంటారు. దానికి ఫీజు 29 యూరోలు.

దీనికి తోడు పిల్లల రెసిడెన్స్ కార్డు, ఉద్యోగ కాంట్రాక్టు, చివరి మూడు నెలల జీతం చీటీలు తెప్పించుకోవాలి.

ఇనీషియల్ దగ్గర వచ్చే చిక్కు

తమిళనాడులో స్థిరపడిన మన కుటుంబాల్లో తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. కొడుకు పాస్‌పోర్టులో అదే గడిలో తండ్రి పేరు ఉంటుంది. ఆధార్‌లో ఇనీషియల్, బ్యాంకులో అసలు ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు. మనకు ఇవన్నీ ఒకే మనిషి. ఒక వంశానికి ఒకే ఇంటిపేరు చూసే అలవాటున్న యూరప్ అధికారికి మాత్రం ఈ తండ్రీకొడుకులు ఏమీ కానివాళ్లలా కనిపిస్తారు.

అందుకే బంధుత్వాన్ని కాగితంతో నిరూపించాలి. కొడుకు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పేర్లు అచ్చయిన అతని పాస్‌పోర్టు చివరి పేజీ తప్పక జతచేయండి. దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం మారకుండా అలాగే రాయాలి. వేర్వేరు కాగితాల్లో స్పెల్లింగ్ తేడా ఉంటే, ఆ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ పెట్టాలి. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ, తెలుగు కాగితాలకు ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం కావాలి. అనువాదంలో కూడా పేరు పాస్‌పోర్టు స్పెల్లింగ్‌లోనే ఉండేలా చూసుకోండి.

జీతం చీటీ లేనివాళ్లు ఏం చూపాలి?

కేంద్రాల జాబితాల్లో జీతం చీటీ, ఐటీఆర్ అని ఉంటుంది. రైతులకు, మగ్గాల వాళ్లకు, చిన్న దుకాణాల వాళ్లకు అవి ఉండకపోవచ్చు. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు. లేని కాగితం కోసం ఏజెంటు దగ్గరికి పరుగెత్తకండి. ఉన్నవాటినే వరుసగా పెట్టండి.

రైతులు: తమిళనాడులో పట్టా, చిట్టా, అడంగల్, కర్ణాటకలో పహణి, మహారాష్ట్రలో సాత్‌బారా. వీటికి అనువాదాలు, రెవెన్యూ అధికారి ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం జతచేయాలి.

షోలాపూర్, భివండీల్లో మగ్గాలు నడిపేవారు, దుకాణదారులు: ఉద్యం లేదా జీఎస్టీ రిజిస్ట్రేషన్, ట్రేడ్ లైసెన్స్, కరెంటు బిల్లు.

పెన్షనర్లు: పెన్షన్ ఆర్డరు, పెన్షన్ జమయ్యే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్.

బ్యాంకు ఖాతాలో పెద్ద మొత్తం ఉండడం కన్నా, మామూలుగా డబ్బు వస్తూ పోతూ ఉండడం ముఖ్యం. దరఖాస్తుకు వారం ముందు ఐదు లక్షలు పడితే అది అప్పు తెచ్చి చూపించినట్టే ఉంటుంది. నిజంగా చీటీ పాడిన డబ్బో, స్థలం అమ్మిన డబ్బో అయితే దాని రసీదు పెట్టండి.

ఇక తిరిగి రావడం గురించి. సొంత ఇల్లు, సాగులో ఉన్న పొలం, నడుస్తున్న దుకాణం, ఇక్కడే చదువుతున్న ఇంకో బిడ్డ, ఇంట్లో ఉన్న ముసలి తల్లి: ఇవన్నీ మనల్ని వెనక్కి లాగే బంధాలు. వీటిని ఒక పేజీ ఉత్తరంలో రాసి, ఒక్కో మాటకు ఒక్కో కాగితం జతచేయాలి. ఎన్ని రోజులుంటారో స్పష్టంగా రాయండి. పొలం పనుల మీద ఆధారపడినవాళ్లమని చెబుతూ, సరిగ్గా నాట్ల కాలంలో మూడు నెలలు అడిగితే ఆ రెండూ పొసగవు.

ఇన్సూరెన్స్, టికెట్

ప్రయాణ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, ఉన్నన్ని రోజులకూ వర్తించాలి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు పాత జబ్బులు కవర్ అవుతాయో లేదో పాలసీలో చదివి కొనండి. టికెట్‌కు రిజర్వేషన్ చూపితే సరిపోతుంది. వీసా రాకముందే రద్దు చేసుకోలేని టికెట్ కొని నష్టపోకండి.

యానాం కుటుంబాలకు ఒక మాట

1962లో విలీనం చట్టబద్ధమైనప్పుడు ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్నవారి వారసులు యానాంలో ఉన్నారు. ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా అక్కర్లేదు. కానీ అదే ఇంట్లో భారత పాస్‌పోర్టు ఉన్న భార్యకో భర్తకో వీసా కావాలి. వారు మామూలు టూరిస్టుగా కాక, ఫ్రెంచి పౌరుల కుటుంబ సభ్యులుగా దరఖాస్తు చేయాలి. పెళ్లి సర్టిఫికెట్, భాగస్వామి ఫ్రెంచి గుర్తింపు పత్రం, పెళ్లి ఫ్రెంచి రిజిస్టర్లలో నమోదై ఉంటే ఆ కాగితం జతచేయాలి.

తిరస్కరిస్తే?

ఏ కారణమో టిక్కు పెట్టిన పత్రం ఇస్తారు. ఎక్కడికి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేయాలో అందులోనే ఉంటుంది. మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసుకోవడానికీ అడ్డు లేదు. కానీ అవే కాగితాలతో వెళ్తే అదే జవాబు వస్తుంది. ఏ ప్రశ్నకు జవాబు బలహీనంగా ఉందో చూసి, ముందు దాన్ని సరిచేయాలి. ఒక దేశం తిరస్కరించిన సంగతి షెంగెన్ దేశాల ఉమ్మడి వీసా వ్యవస్థలో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి దాచి లాభం లేదు. దొంగ కాగితం దొరికితే దాని మచ్చ తర్వాతి దరఖాస్తుల మీద కూడా పడుతుంది.

వీసా వస్తే, చెప్పిన రోజుకు తిరిగి రావడం తర్వాతి వీసాకు మొదటి మెట్టు. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఉన్న పద్ధతి ప్రకారం, మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇవ్వవచ్చు. ఆ తర్వాత, పాస్‌పోర్టు గడువు సరిపోతే, ఐదేళ్లది. మొదటి ఫైలుకు పడిన శ్రమ మనవలు పెద్దవాళ్లయ్యే దాకా పనికొస్తుంది.