కుర్సురాను బల్లమీద కట్టుకుందాం

అమెరికాలో జార్జియా రాష్ట్రపు కమ్మింగ్ పట్టణంలోను, దాని చుట్టుప్రక్కల ఫోర్సైత్ కౌంటీలోను నేడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. వారు విమానాలలో వెళ్ళినవారు; మన పూర్వీకులు గిర్మిటు కాగితం మీద వేలిముద్ర వేసి ఓడలలో చెరకు తోటలకు వెళ్ళినవారు. అయినా ఉభయుల ఇళ్ళలోను ప్రశ్న ఒకటే: తెలుగు తీరం ఎన్నడూ చూడని పిల్లలకు ఆ తీరాన్ని దగ్గర చేయడం ఎలా? దానికి ఒక చిన్న మార్గం నమూనా ఓడ కట్టడం. కమ్మింగ్‌లో గాని, మారిషస్‌లో గాని, డర్బన్‌లో గాని ఇంట్లో ఒక బల్ల, మంచి వెలుతురు, పిల్లల ప్రక్కన ఓపికగల ఒక పెద్ద ఉంటే చాలును.

ఏ ఓడను ఎన్నుకోవాలి? విశాఖపట్నం రామకృష్ణ బీచిలో నిలిచివున్న కుర్సురా జలాంతర్గామి కంటె తగినది లేదు. అది సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరి 27న సేవ విరమించింది. తరువాత దానిని ఒడ్డుకు చేర్చి, 2002 ఆగస్టులో ప్రజల కోసం ప్రదర్శనశాలగా తెరిచారు. భారతదేశం ఇటువంటివి 8 జలాంతర్గాములు తీసుకున్నది. వీటి తరగతికి ఫాక్స్‌ట్రాట్ అని పేరు. కిట్ కొనేటప్పుడు పెట్టెమీద ఈ పేరే చూడాలి. లోపల సోవియట్ జెండాలు, అంకెలు ఉంటే వాటిని ప్రక్కన పెట్టి మన జెండాను మనమే తయారు చేసుకోవాలి.

ముందు కొలత సంగతి. 1/350 అంటే నిజమైన ఓడలోని 350 సెంటీమీటర్లకు నమూనాలో 1 సెంటీమీటరు. కుర్సురా పొడవు 91.3 మీటర్లు, నమూనాలో అది 26 సెంటీమీటర్లు. వెడల్పు 7.5 మీటర్లు, నమూనాలో 2 సెంటీమీటర్ల పైచిలుకు. మనిషి ఎత్తు 5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక బియ్యపు గింజ. పిల్లలచేత 75 గింజలు లెక్కపెట్టించి నమూనా ప్రక్కన పోయండి. ఆ సన్నని గొట్టంలో యంత్రాలు, బ్యాటరీలు, 22 టార్పెడోలు పోగా మిగిలిన చోటులో అంతమంది వారాల తరబడి ఎట్లా బ్రతికారో వేరే చెప్పనక్కరలేదు.

ఇక పని. భాగాలను అచ్చులోనుంచి తీసేటప్పుడు అంటుకోకుండా పూసిన జిడ్డు ఉంటుంది. కనుక సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాలి. భాగాలను చట్రం నుంచి చేతితో విరవరాదు. చిన్న కత్తెర శ్రావణంతో కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను గరుకు కాగితంతో అరగదీయాలి. అంటించడానికి ముందు ప్రతి భాగాన్నీ ఉత్తుత్తిగా అమర్చి చూడాలి. ప్లాస్టిక్ జిగురు మైదా బంక వంటిది కాదు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. అందుకే బొట్టు చాలు. ఎక్కువైతే రూపమే చెడుతుంది. కిటికీలు తెరిచి పనిచేయాలి. బ్లేడు పని పెద్దలదే. ఒడలి రెండు సగాలు కలిసిన గీతను పుట్టీతో నింపి, ఆరిన తరువాత నునుపు చేయాలి. అసలు ఓడకు ఆ గీత లేదు గదా!

వివరాలు దిద్దేటప్పుడు కొలతను మరువరాదు. కిట్‌లోని కమ్మీ అర మిల్లీమీటరు మందమైతే, నిజంలో అది 17 సెంటీమీటర్ల స్తంభం అవుతుంది. అసలు కమ్మీ 2.5 సెంటీమీటర్లది అనుకుంటే నమూనాలో తలవెంట్రుకంత ఉండాలి. అందుకే నేర్పరులు పలుచని ఇత్తడి రేకు భాగాలు వాడతారు. వాటికి ప్లాస్టిక్ జిగురు పట్టదు, సూపర్ గ్లూ కావాలి. ఆంటెన్నా తీగలకు చట్రపు ముక్కనే కొవ్వొత్తి సెగకు మెత్తబరచి మెల్లగా సాగదీస్తే సన్నని పోగు వస్తుంది. ప్రక్కల వరుసగా ఉన్న నీటి రంధ్రాలలో పలుచని నల్లరంగు పారించి పైన తుడిస్తే లోతు కనబడుతుంది. వెనుక మూడు చక్రాలు, అంటే ప్రొపెల్లర్లు ఉండాలి, లెక్క చూసుకోండి.

రంగు రెండు మూడు పలుచని పూతలుగా వేయాలి. జార్జియా వేసవివలె గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున స్ప్రే చేస్తే రంగు తెల్లబారవచ్చు. పచ్చి నలుపు కంటె కొంచెం బూడిద కలిపిన నలుపు మేలు. దూరపు వస్తువు పాలిపోయినట్లు కనిపించడం ప్రకృతి.

అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయం, మీరు కట్టేది ఏ సంవత్సరపు కుర్సురా అన్నది. 1971 నాటిదైతే సముద్రంలో ఉండాలి. 2002 తరువాతిదైతే ఇసుకమీద ఉండాలి, సందర్శకుల మెట్లూ ద్వారాలూ ఉండాలి. రెండూ కలిపితే ఎన్నడూ లేని ఓడ తయారవుతుంది. ఛాయాచిత్రాన్ని ఎదుట పెట్టుకోవడం అందుకే.

బరువు లెక్క కూడ సరదాగా ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 350 వంతులు తగ్గుతాయి కనుక బరువు 350ని మూడుసార్లు గుణించినంత తగ్గాలి. నీటిపై తేలేటప్పుడు కుర్సురా బరువు 1,950 టన్నులు; నమూనాకు అది సుమారు 45 గ్రాములు. మునిగినప్పుడు 2,475 టన్నులు; నమూనాకు సుమారు 58 గ్రాములు. నడుమనున్న సుమారు 12 గ్రాములే తొట్లలో నింపుకునే సముద్రం! అతుకులు గట్టిగా మూసి, అడుగున ఇనుప నట్లు పెట్టి నీళ్ళ తొట్టిలో తేల్చి చూడవచ్చు. ఆ తరువాతనే కమ్మింగ్ పిల్లలు తమ ఊరి ప్రక్కనున్న లేనియర్ సరస్సు సంగతి ఆలోచించాలి.

ఇంత శ్రమ ఒక యుద్ధనౌక కోసమేనా? మన పెద్దలు ఎక్కిన ఓడలు ఏ బీచిలోను నిలిచి లేవు. కోరంగి రేవు పేరుమీద మారిషస్‌లో మనవారిని కొరింగీలు అన్నారు. ఆ రేవు నేడు ఓడల రేవు కాదు. 1860 అక్టోబరులో మద్రాసు విడిచి, నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడలో 342 మంది ఉన్నారు. వారి ఓడకు నునుపైన అచ్చులో పోసిన భాగాలు ఎదురుచూడకండి. చెక్కతో, అట్టతో, దారంతో మనమే కట్టాలి. కుర్సురా మీద కొలత, ఓపిక, సంవత్సరం పట్ల జాగ్రత్త నేర్చిన చేతులకు ఆ పని అసాధ్యం కాదు. అది పూర్తయిన నాడు పిల్లలచేత 342 గింజలు లెక్కపెట్టించండి. లెక్క తెలుగులోనే సాగాలి.