ఫైలుకీ ఒక వేలిముద్ర ఉంది
(రేడియో ప్రసంగ పాఠం)

హుఫూఫ్ నుంచి మాట్లాడుతున్నాను. మన వైపు వేలిముద్ర అంటే చదువు రానివారి సంతకం అని చిన్నచూపు. గల్ఫ్‌కి వచ్చాక చదువుకున్నవాళ్ళం, చదువుకోనివాళ్ళం అందరం వేలిముద్రలు ఇచ్చినవాళ్ళమే. కంప్యూటరు ఫైలుకి కూడా అలాంటిదొకటి ఉంది. దాన్ని మెసేజ్ డైజెస్ట్ అంటారు, వాడుకలో హ్యాష్.

ఒక పేజీ ఉత్తరమైనా, మూడు గంటల సినిమా అయినా, ఒక లెక్కలో వేస్తే ఒకే పొడవున్న సంఖ్య వస్తుంది. షా256 అనే లెక్కలో అది 256 బిట్లు. అంకెలూ, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిపి రాస్తే 64 గుర్తులు. అదే ఫైలుకి ఏ దేశంలో, ఏ కంప్యూటరులో లెక్కవేసినా అదే జవాబు. ఫైలులో ఒక్క బిట్టు మారితే జవాబు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

ఇది మనకెందుకు అంటారా? 2024 జూలై 1న మన దేశంలో పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఫోను వీడియో వంటి వాటిని కోర్టులో పెట్టేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచెయ్యాలి. అందులో హ్యాష్ విలువ రాయాలి, ఏ లెక్కతో కట్టారో కూడా చెప్పాలి. షా1, షా256, ఎమ్‌డి5 పేర్లు ఆ ఫారంలోనే ఉన్నాయి.

ఇక్కడ రాయచోటి వైపు నుంచి వచ్చిన డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో తన ప్రహరీ గోడ పడగొడుతుంటే కొడుకు ఫోనులో తీసి వాట్సాప్‌లో పంపాడు. "వాడి ఫోను నిండిపోయింది సార్, నా దగ్గర ఉందిగా, అక్కడ తీసెయ్యమంటాను" అన్నాడు. ఆగమన్నాను. కొడుకు చేత అసలు ఫైలుని డాక్యుమెంటుగా పంపించి రెండింటికీ లెక్క కట్టాను. కంటికి రెండూ ఒకటే గోడ, ఒకటే గడ్డపార. హ్యాష్‌లు మాత్రం వేరు. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి కొత్త ఫైలు తయారుచేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. అసలుది చెరిపేసి ఉంటే ఆయన చేతిలో మిగిలేది నకలే. అందుకే ఆ ఫోను భద్రంగా ఉంచమని, మిగతాది వకీలుని అడగమని చెప్పాను.

లెక్క కట్టడం కష్టమేమీ కాదు. పైథాన్ భాషలో 2006 నుంచీ హ్యాష్‌లిబ్ అనే లైబ్రరీ ఉంది. దాన్ని ఇంపోర్ట్ చేసుకుని షా256 వస్తువు ఒకటి తయారుచేసుకోవాలి. ఫైలుని బైనరీగా తెరిచి కొంచెం కొంచెంగా చదువుతూ, చదివిన ముక్కనల్లా అప్‌డేట్‌కి అందిస్తూ పోవాలి. చివర్లో హెక్స్‌డైజెస్ట్ అని అడిగితే 64 గుర్తులూ చేతికొస్తాయి. ముక్కలుగా చదివితే ఎంత పెద్ద వీడియో అయినా మెమరీ చాలకపోవడం ఉండదు. పైథాన్ 3.11 నుంచి ఫైల్‌డైజెస్ట్ అనే ఫంక్షను ఈ పనంతా తనే చేస్తుంది. ఒక చిట్కా: జవాబు ఈ, 3, బీ, 0, సీ, 4, 4, 2 అని మొదలైతే అనుమానించండి. అది ఖాళీ ఫైలు షా256. మీ ప్రోగ్రాము ఫైలుని అసలు చదవనే లేదన్నమాట.

తెలుగు వాక్యానికి కడితే ఇంకో చిక్కు. డైజెస్టుకి కావలసింది బైట్లు, అక్షరాలు కాదు. ముందు యూటీఎఫ్-8లోకి మార్చకపోతే పైథాన్ 3 ఒప్పుకోదు. "అమ్మ" అనే మాట యూటీఎఫ్-8లో 12 బైట్లు. "కై"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చీ రాయొచ్చు. తెరమీద తేడా తెలియకపోయినా హ్యాష్‌లు రెండు. యూనికోడ్‌డేటా మాడ్యూలులో నార్మలైజ్ చేసి అప్పుడు కట్టండి.

ఇక ఏ లెక్క? ఫారంలో ఉన్నా ఎమ్‌డి5 వద్దంటాను. రొనాల్డ్ రివెస్ట్ 1991లో తయారుచేసిన ఈ లెక్కలో, ఒకే డైజెస్టు వచ్చే రెండు వేర్వేరు సందేశాలను 2004లో చైనా గణితవేత్త షియావోయున్ వాంగ్ బృందం చూపించింది. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే వైరస్ ఇదే లోపంతో మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్‌ని పోలిన దొంగ సర్టిఫికెట్ పెట్టుకుని తిరిగింది. అది కనిపించిన దేశాల్లో మనమున్న సౌదీ కూడా ఉంది. షా1 పని 2017లో అయిపోయింది. గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐ పరిశోధకులు కలిసి ఒకే షా1 ఉన్న రెండు పీడీఎఫ్‌లు చేసి చూపించారు. ఇప్పటికే ఉన్న ఫైలుకి సరిపోయే నకిలీ చెయ్యడం ఎమ్‌డి5లో కూడా ఈనాటికీ ఆచరణలో సాధ్యం కాలేదు, నిజమే. కానీ రెండు ఫైళ్ళూ ముందే తయారుచేసుకున్న మోసగాడు ఒకటి చూపించి రెండోది ఇవ్వగలడు. షా256లో అలాంటి జంట ఇప్పటిదాకా దొరకలేదు.

ఫైలూ హ్యాషూ ఒకే మెయిల్లో పంపకండి. మధ్యలో ఫైలు మార్చినవాడు హ్యాష్ కూడా మారుస్తాడు. ఇంటికి ఫోను చేసి 64 గుర్తులూ చదివి రాయించండి, పక్కన తేదీ వేయించండి. రెండు నిమిషాల పని.