స్టార్టర్ పెట్టెకు రంగు వేస్తే ప్రమాదమా?

వికారాబాద్ జిల్లాలోని తాండూరు నాపరాళ్లకు ప్రసిద్ధి. ఈ సున్నపురాతిని కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు నీళ్లు ధారగా పడుతుండాలి. అందుచేత ఆ షెడ్లలో ఎటు చూసినా తడి, రాతి బురద. మోటార్ల స్టార్టర్లు ఉండే ఇనుప పెట్టెలు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు గీకి రంగు వేయడం మంచి పనే. కాని తెలియక వేస్తే అదే ప్రాణాల మీదికి తెస్తుంది. ఎలాగో చూద్దామా?

ఎండిన రంగు విద్యుద్బంధకం. ‘మరి మంచిదేగా, షాక్ కొట్టదు!’ అంటారేమో. ఆ పొర చాలా పలుచన. చిన్న గీత పడితే చాలు, రక్షణ పోతుంది. మనల్ని నిజంగా కాపాడేది ఎర్త్ తీగ.

లోపలి తీగ తొడుగు ఊడి పెట్టెకు తగిలిందనుకోండి. ఎర్త్ మార్గం నిరోధం 2 ఓములైతే, ఓమ్ నియమం ప్రకారం 230 ÷ 2 = 115 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 15 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే కాలిపోతుంది. పెట్టెలో విద్యుత్తు ఆగిపోతుంది.

ఎర్త్ బోల్టు విప్పి, ఆ చోట కూడా రంగు పూసి, మళ్లీ బిగిస్తే? లోహానికీ లోహానికీ మధ్య రంగు అడ్డుపడుతుంది. ఫ్యూజు కాలదు. పెట్టె 230 వోల్టులతో అలాగే ఉంటుంది. తడి నేల మీద నిలబడి, తడి చేత్తో దాన్ని ముట్టుకున్న మనిషి నిరోధం సుమారు 1000 ఓములు. అతని ఒంట్లో 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. అందులో సగమైనా గుండె లయను తప్పించగలదు.

మీరే చేసి చూడండి: టార్చి బ్యాటరీ, బల్బు, రంగు వేసిన డబ్బా మూత తీసుకోండి. రెండు తీగల కొసలను రంగు మీద ఆనిస్తే బల్బు వెలగదు. ఆ రెండు చోట్లా రంగు గీకి ఆనిస్తే వెలుగుతుంది. ఇంటి కరెంటుతో మాత్రం ఎన్నడూ చేయకండి.

రెండో ప్రమాదం థిన్నరు. చాలా థిన్నర్లలో టోలీన్ ఉంటుంది. దాని ఆవిరి గాలికన్న మూడు రెట్లు బరువు కనుక పెట్టె అడుగున చేరుతుంది. స్టార్టరు కలిసేటప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ దాన్ని అంటించడానికి చాలు.

మూడోది పాత రంగులోని సీసం. ఇళ్ల రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదని 2016లో మన దేశం నియమం చేసింది. యంత్రాల రంగులు అందులోకి రావు. కనుక పాత రంగును పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు. తడిపి గీకాలి, ముసుగు కట్టుకోవాలి, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గాలి రంధ్రాలు రంగుతో పూడితే లోపలి వేడి బయటికి పోదు. తలుపు రబ్బరు పట్టీ రంగుకు గట్టిపడితే నీరు లోపలికి దిగుతుంది. అపాయ సూచిక చెరిగిపోతే కొత్తవాడికి హెచ్చరికే ఉండదు.

మరి సరైన పద్ధతి? ఎలక్ట్రీషియన్ సరఫరా ఆపి, స్విచ్చికి తాళం వేసి, కరెంటు లేదని పరీక్షించాలి. ఎర్త్ బిందువులు, రంధ్రాలు, రబ్బరు పట్టీ, సూచికలు కప్పి రంగు వేయాలి. ఆవిరి పూర్తిగా పోయాక, ఎర్త్ సరిగా కలిసిందో లేదో మీటరుతో చూసి, ఆ తరువాతే స్విచ్చి వేయాలి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి షెడ్డులో పనిచేస్తుంటే, ఈ సంగతి ఈ రాత్రే వారికి చెప్పండి.