ఎర్రగీతల పుస్తకం

బళ్లారి ఊరు సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి మైదానంలో నిలిపిన హెలికాప్టర్‌కు మాత్రం ఆ ఊరు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నట్టే లెక్క. అంటే హార్స్‌లీ కొండల కంటే పైన. వేడెక్కిన గాలి పలచబడుతుంది. సముద్రమట్టాన 15 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగితే, ఆ మధ్యాహ్నం బళ్లారి గాలి 1.06 కిలోల దగ్గరే ఆగుతుంది. రెక్కలకు పట్టు దొరకాల్సింది ఆ గాలిలోనే, ఇంజన్ పీల్చుకోవాల్సిందీ ఆ గాలినే. నష్టం రెండు చోట్లా ఒకేసారి వస్తుంది. పొద్దున ఆరున్నరకు నిండా మనుషులతో సునాయాసంగా లేచిన యంత్రం, మధ్యాహ్నం రెండింటికి అదే బరువుతో నేల విడవలేకపోవచ్చు. యంత్రంలో లోపమేమీ ఉండదు. మారింది గాలి.

పైలట్లు దీన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ఇంత ఎండకు, ఇంత ఎత్తుకు ఎంత బరువు మోయవచ్చో చెప్పే గీతలు ప్రతి హెలికాప్టర్‌కూ ఉండే ఒక పుస్తకంలో ఉంటాయి. దాని పేరు ఫ్లైట్ మాన్యువల్. మామూలు రోజున ఏం చేయాలి, ఆపద వస్తే ఏం చేయాలి, ఏ వాతావరణంలో యంత్రం ఎంత పని చేస్తుంది, బరువు ఎక్కడెక్కడ ఎంత ఉండాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. వీటన్నిటికంటే ముందు వచ్చే అధ్యాయం పేరు పరిమితులు. మిగతా అధ్యాయాల్లో సలహాలు ఉండవచ్చు. ఈ అధ్యాయం మాత్రం చట్టం. తయారీదారు రాస్తాడు, విమానయాన నియంత్రణ సంస్థ ఆమోదిస్తుంది. మన దేశంలో డీజీసీఏ అది అమలయ్యేలా చూస్తుంది. హెలికాప్టర్ యజమాని కోటీశ్వరుడైనా, ముఖ్యమంత్రి అయినా అందులో ఒక్క అంకె మార్చలేడు. కాక్‌పిట్‌లో మీటర్ల మీద పచ్చ, పసుపు, ఎరుపు గుర్తులు ఆ అధ్యాయం నుంచి వచ్చినవే.

పౌర హెలికాప్టర్లకు ఈ అధ్యాయం మొదలైంది 1946 మార్చి 8న. అమెరికాలో బెల్ 47 అనే చిన్న యంత్రానికి ఆ రోజు ధ్రువపత్రం దొరికింది. సామాన్య ప్రజల వాడకానికి అనుమతి పొందిన మొదటి హెలికాప్టర్ అదే. దాన్ని రూపొందించిన ఆర్థర్ యంగ్ సొంతంగా, ఏళ్ల తరబడి చిన్న నమూనాలు చేసి, ఎగరేసి, విరగ్గొట్టి, మళ్లీ చేసినవాడు. 1941లో బెల్ కంపెనీలో చేరాడు. సైన్యం ఎగరేసే యంత్రానికి సైన్యమే పూచీ. డబ్బు కట్టి ఎక్కే మనిషికి ఎవరు పూచీ అన్న ప్రశ్న బెల్ 47తోనే గట్టిగా ఎదురైంది. ఈ యంత్రం ఏమేం చేయకూడదో ముందే రాసిపెట్టాలన్నది దానికి దొరికిన జవాబు. హెలికాప్టర్ గొప్పతనం చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి గానీ, నాకు అన్నిటికంటే గౌరవం ఈ చేయకూడనివాటి పుస్తకం మీదే.

అందులో ఒక అంకె కథ చూద్దాం. మించకూడని వేగం అని ప్రతి హెలికాప్టర్‌కూ ఒకటి ఉంటుంది. కారు వేగం పెరిగితే బ్రేకుకు అందదు, అది అర్థమవుతుంది. ఖాళీ ఆకాశంలో వేగానికి హద్దు ఎందుకు? కారణం రెక్కల్లోనే ఉంది. రెక్క కొస సెకనుకు సుమారు 210 మీటర్ల వేగంతో తిరుగుతుందనుకుందాం. హెలికాప్టర్ గంటకు 200 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 55 మీటర్లతో ముందుకు పోతోంది. ముందుకు వచ్చే రెక్క కొసను తాకే గాలి వేగం 265 మీటర్లు. వెనక్కి పోయే రెక్కకు 155 మీటర్లే. పైకి లేపే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రెండు రెక్కలనూ ఒకే కోణంలో ఉంచితే ఒకవైపు బలం రెండోవైపు కంటే దాదాపు మూడింతలై యంత్రం పక్కకు దొర్లిపోతుంది. అందుకని రెక్కలు తిరుగుతూనే కోణం మార్చుకునేలా, పైకీ కిందికీ ఆడేలా అమర్చారు. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా 1923లో తన ఆటోజైరోను నిలకడగా ఎగరేయగలిగింది రెక్కల మొదట్లో కీలు పెట్టాకే. వెనక్కి పోయే రెక్క తన కోణాన్ని పెంచుకుని నెమ్మది గాలిలోనే సరిపడా బలం తెచ్చుకుంటుంది.

అయితే కోణం పెంచడానికీ ఒక హద్దుంది. అది దాటితే గాలి రెక్కకు అంటుకుని పారడం మాని విడిపోతుంది. ఒక్కసారిగా ఆ వైపు బలం పడిపోతుంది. యంత్రం వణుకుతుంది, ముక్కు పైకి లేస్తుంది, పక్కకు ఒరుగుతుంది. పరీక్షా పైలట్లు యంత్రాన్ని ఎంత వేగం దాకా క్షేమంగా నడిపి చూపారో తేల్చి, అందులో పదో వంతైనా తగ్గించి పుస్తకంలో రాస్తారు. పైగా అది ఒకే అంకె కాదు. గాలి పలచబడే కొద్దీ రెక్కలు మామూలుగానే ఎక్కువ కోణంలో పనిచేస్తుంటాయి, మిగిలిన వెసులుబాటు తగ్గిపోతుంది. కాబట్టి ఎండ పెరిగినా, ఎత్తు పెరిగినా మించకూడని వేగం కిందికి దిగుతుంది. చలికాలం పొద్దున సరైన వేగం వేసవి మధ్యాహ్నం తప్పవుతుంది.

ఇంజన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పైలట్ వెంటనే రెక్కల కోణం తగ్గిస్తే, కిందినుంచి దూసుకొచ్చే గాలికి అవి తాటాకు గిరకలా తిరుగుతూనే ఉంటాయి. నేల దగ్గర పడుతున్నప్పుడు ఆ తిరుగుడులో దాచుకున్న శక్తినంతా వాడి మెత్తగా దింపవచ్చు. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. కానీ ఇందుకు ఎత్తయినా ఉండాలి, ముందుకు పోయే వేగమైనా ఉండాలి. రెండూ లేని చోటు ప్రమాదకరం. ఒక్క ఇంజన్ ఉన్న చిన్న హెలికాప్టర్ యాభై మీటర్ల ఎత్తున కదలకుండా నిలిచినప్పుడు ఇంజన్ ఆగిపోతే, రెక్కలు మళ్లీ పుంజుకునే లోపే నేల వచ్చేస్తుంది. మాన్యువల్‌లో ఎత్తుకూ వేగానికీ కలిపి ఒక పటం గీసి, అందులో ఈ భాగాన్ని గీతలతో నింపేస్తారు. అక్కడ నిలబడవద్దని దాని అర్థం. చుట్టూ కరెంటు తీగలు, చెట్లు, మేడల మీద జనం ఉన్న స్కూలు మైదానంలో హెలిప్యాడ్ వేస్తే, పైలట్ ఏటవాలుగా కాక నిట్టనిలువుగా లేవాల్సి వస్తుంది. అంటే మనం వేసిన ముగ్గు గుండ్రమే అతన్ని ఆ గీతల భాగంలోకి నెడుతుంది. నేల దగ్గర గాలి ఆసరాతో నిలవడానికి చాలిన శక్తి, ఆ ఆసరా దాటి పైకి పోయాక చాలకపోవచ్చు కూడా.

ఇక గేర్‌బాక్స్. ఇంజన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, రెక్కలు కొన్ని వందలే. మధ్యలో ఆ వేగాన్ని తగ్గించి యంత్రం బరువంతా మోసే పళ్లచక్రాల పెట్టె ఇది. రెండు ఇంజన్లు ఉండవచ్చు గానీ ప్రధాన గేర్‌బాక్స్ ఒక్కటే. దానికి ఆయిల్ ప్రాణం. 2009 మార్చి 12న కెనడా న్యూఫౌండ్‌లాండ్ తీరాన సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ 18 మందితో సముద్రంలోని చమురు క్షేత్రానికి పోతుండగా, ఆయిల్ ఫిల్టర్‌ను పట్టి ఉంచే టైటానియం బోల్టులు విరిగి ఆయిలంతా కారిపోయింది. అంత తీవ్రంగా ఒత్తిడి పడిపోతే వెంటనే దిగమని మాన్యువల్ చెబుతోంది. వెంటనే అంటే కింద సముద్రమున్నా సరే. ఆయిల్ లేకపోయినా ఆ గేర్‌బాక్స్ అరగంట నడుస్తుందన్న నమ్మకం ఆ యంత్రం చుట్టూ వ్యాపించి ఉంది. తీరం వైపు తిప్పిన హెలికాప్టర్ సుమారు పదకొండు నిమిషాలకు సముద్రంలో పడింది. 17 మంది చనిపోయారు, ఒక్కరు బతికారు.

మాన్యువల్‌లో ఆపద అధ్యాయం మూడు మాటలను వేరువేరుగా వాడుతుంది: వెంటనే దిగు, వీలైనంత త్వరగా దిగు, అనుకూలమైన చోట దిగు. చదివేవాడికి మూడూ ఒకేలా వినిపించవచ్చు. మొదటిదానికి చెరువైనా అడవైనా ఒకటే. రెండోదానికి క్షేమంగా దిగగల మొదటి చోటు. మూడోదానికి సరైన విమానాశ్రయం దాకా పోవచ్చు. ఏ ఎర్రదీపానికి ఏ మాట వర్తిస్తుందన్నది పైలట్‌కు కంఠతా ఉండాలి.

అదే 2009 సెప్టెంబరు 2న ఇలాంటి దీపం ఒకటి నల్లమల మీద వెలిగింది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టడానికి చిత్తూరు జిల్లా అనుపల్లికి బయలుదేరారు. యంత్రం బెల్ 430. దాని వంశం గొప్పది. 1994లో మొదటిసారి ఎగిరింది. 1996లో రాన్ బోవర్, జాన్ విలియమ్స్ అనే ఇద్దరు దీని మీదే పదిహేడు రోజుల పైచిలుకులో భూమిని చుట్టివచ్చి రికార్డు నెలకొల్పారు. రెండు ఇంజన్లు, నాలుగు రెక్కలు, గరిష్ఠ బరువు సుమారు 4,200 కిలోలు. ఉదయం 8.38కి బేగంపేటలో లేచింది. 9.27 దాటాక లేదు. ముఖ్యమంత్రి, ఆయన కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు. ఆ రోజంతా, రాత్రంతా వైమానిక దళం, సీఆర్‌పీఎఫ్, చెంచులు, పల్లెల జనం వెతికారు. మర్నాడు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అప్పటి కర్నూలు జిల్లాలో జరిగిన ఈ ఘటన పక్కనే ఉన్న బళ్లారి తెలుగు ఇళ్లనూ అంతే కుదిపింది.

ఆర్.కె. త్యాగి నేతృత్వంలోని విచారణ కమిటీ కాక్‌పిట్ రికార్డులు విని తేల్చినదాన్ని ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి గురించి హెచ్చరిక వచ్చింది. దానికి సంబంధించిన వివరం కోసం సిబ్బంది పుస్తకంలో వెతికారు. సుమారు ఆరు నిమిషాలు ఆ వెతుకులాటలోనే పోయాయి. ఈలోగా హెలికాప్టర్ చెడు వాతావరణంలోకి ప్రవేశించింది. బలంగా కిందికి దిగే గాలిలో చిక్కి, అదుపు తప్పి, చాలా వేగంగా కొండ మీద పడింది. కూల్చింది గేర్‌బాక్స్ కాదు. ఆ హెచ్చరిక లాక్కున్న చూపు.

ఉరుముల మేఘం కింద గాలి సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో కిందికి దిగవచ్చు. ఇలాంటి హెలికాప్టర్ పూర్తి శక్తితో పైకి ఎక్కగలిగేది సెకనుకు ఆరేడు మీటర్లు. తీసివేత చేసి చూడండి. ఇంజన్లు రెండూ బాగున్నా, మీటర్లన్నీ పచ్చగీతలోనే ఉన్నా యంత్రం కిందికే పోతుంది. మీటరు యంత్రాన్ని కొలుస్తుంది, ఆకాశాన్ని కాదు. మేఘానికి ఎర్రగీత కాక్‌పిట్ అద్దంలోంచి కళ్లతో గీసుకోవాల్సిందే. అందుకే ఇద్దరు పైలట్లు ఉన్న చోట పని పంచుకోవడం నేర్పుతారు: ఏ దీపం వెలిగినా ఒకరు ఎగరడం మానకూడదు, రెండోవారే చదవాలి. ప్రాణాంతకమైన కొన్ని హెచ్చరికలకు మొదటి అడుగులు పుస్తకం తెరవకుండానే చేయాలి. మిగతావి ఒక్క చూపులో దొరికేలా ఎమర్జెన్సీ చెక్‌లిస్టు పేజీలకు అట్ట చివరన చీలికలు పెట్టి, రంగులు వేసి ఇస్తారు. ఎగిరే యంత్రంలో ఆరు నిమిషాలంటే ఇరవై కిలోమీటర్ల దూరం. ఆ దూరంలో వాతావరణం మారిపోతుంది.

ఇప్పుడు మళ్లీ కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులోని బళ్లారి మైదానానికి వద్దాం. బళ్లారి, సండూరు, సిరుగుప్ప, ఇటు ఆలూరు, రాయదుర్గం. ఎన్నికలొస్తే ఈ తాలూకాల మీద హెలికాప్టర్ల చప్పుడు ఆగదు. ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము ఇక్కడి ప్రత్యేక సమస్య. దిగేటప్పుడు రెక్కల గాలికి లేచిన దుమ్ములో పైలట్‌కు నేల కనిపించదు. ఆ దుమ్ము ఇంజన్ లోపలి చిన్న రెక్కలను అరగదీస్తుంది, రాసిపెట్టిన శక్తిలో కొంత క్రమంగా తగ్గిపోతుంది. కాబట్టి మైదానాన్ని బాగా తడపాలి. సభ ఆలస్యమై పొద్దు వాలుతుంటే, కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే పైలట్‌కు నిబంధనలే అడ్డొస్తాయి. సండూరు కొండల మీద మబ్బు కూర్చుంటే ఆయన బయలుదేరనంటాడు. బరువు ఎక్కువైందని ఒకరిని దిగమంటాడు. అప్పుడు ఆయన చుట్టూ చేరి బతిమాలేవాళ్లను, బెదిరించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. వాళ్లు వాదిస్తున్నది పైలట్‌తో కాదు, 1946 నుంచి కూలిన ప్రతి యంత్రం ఒక వాక్యం చేర్చిన పుస్తకంతో.

సభ ఏర్పాటు చేసేవాళ్ల చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. మే నెలలో రాక ఉదయం తొమ్మిదిలోపు పెట్టుకోవాలి. హెలిప్యాడ్‌కు కనీసం ఒకవైపు తీగల్లేని బారైన ఖాళీ ఉండాలి, గాలి ఎటు వీస్తోందో తెలిపే గుడ్డ కట్టాలి, తోక రెక్క వైపు ఎవరినీ రానివ్వకూడదు. పైలట్ కాదంటే బయలుదేరడానికి డ్రైవరుతో సహా ఒక కారు మొదటినుంచీ అక్కడే నిలిపి ఉంచాలి.